ఇంజిన్ ఒకరింట, బాడీ ఒకరింట

చిన్నవాడు బానెట్ మూసి, రెండడుగులు వెనక్కి నడిచి, మళ్ళీ వెళ్ళి బానెట్ ఎత్తాడు.

"ఇంకా ఎన్నిసార్లు?" అంది మడత కుర్చీలో కూర్చున్న భార్య, ఫ్లాస్కు మూత తిప్పుతూ. "పాపం, దాన్ని కాస్త ఊపిరి పీల్చుకోనివ్వండి."

"ఐడ్లింగ్ కొంచెం ఎక్కువుంది. నిలబడ్డ బండికి ఇంజిన్ ఇంత వేగంగా తిరక్కూడదు."

"ఎక్కువుందని ఇందాక తగ్గించారు. తగ్గిందని అంతకుముందు పెంచారు. అసలు ఎంతుండాలో దానికైనా తెలుసా?"

అతను మళ్ళీ ఇంజిన్ మీదికి వంగాడు. చిన్నవాడు అన్న మాటే గాని యాభై దాటి చాన్నాళ్ళయింది. జుట్టు వెనక్కి పోయింది, పొట్ట ముందుకొచ్చింది, ఇంట్లో రెండోవాడిగా పుట్టినందుకు తగులుకున్న ఆ పిలుపు మాత్రం వదల్లేదు. చేసే పని పళ్ళ సెట్లు తయారు చేయడం. డాక్టర్లు పంపే అచ్చులు ముందు పెట్టుకుని, గోరంత పన్నుని పూటంతా అరగదీయగలడు. ఆ ఓపికంతా చేతులకే. పనిబల్ల దగ్గర్నుంచి లేచాడంటే కాలుగాలిన పిల్లే.

ఆ రోజు పాతకార్ల ప్రదర్శన. ఒకప్పుడు సైకిల్ పందేలు నడిచిన మైదానం అది. చుట్టూ గుండ్రంగా దారి, లోపల గడ్డి, గడ్డి మీద వరసలు వరసలుగా బండ్లు. పొడుగు ముక్కువి, టాపు మడిచేవి, బయట మెట్టున్నవి, లారీ అంత హారన్ ఉన్నవి. వాటి యజమానులు పెళ్ళికూతుర్ని ముస్తాబు చేసేవాళ్ళకంటే హడావిడిగా ఉన్నారు. ఒకాయన టైరు గాడుల్లో ఇరుక్కున్న మట్టిని టూత్‌బ్రష్‌తో తీస్తున్నాడు. ఇంకొకాయన తన బండి మీద ఎవరో పిల్ల చెయ్యి వేసిందని ఆ ఐదు వేళ్ళ ముద్రనీ నోటితో ఆవిరి ఊది మరీ తుడుస్తున్నాడు. చూడ్డానికొచ్చినవాళ్ళు ప్రతి బండి దగ్గరా ఆగి ఒకే ప్రశ్న అడుగుతున్నారు: "ఇది ఇప్పటికీ నడుస్తుందా?"

చిన్నవాడిది ఆకుపచ్చ రంగు బుల్లి కారు, రెండే తలుపులు. దాన్ని చేసిన కంపెనీ నాలుగు రోజులు వెలిగి మూతబడింది. మిగిలిన బండ్లు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని కూడా లేవు. అలాంటి అపురూపమైన బండి పక్కనే, తాడు కట్టిన అవతల, సరిగ్గా అలాంటిదే ఇంకొకటి. అదే ఆకుపచ్చ, అదే గుండ్రటి వీపు. ఒకే కంపెనీ బండ్లని పక్కపక్కన పెట్టాలని నిర్వాహకుల నియమం. ఆ నియమం రాసినవాణ్ణి చిన్నవాడు పొద్దున్నుంచీ మనసులో తిడుతూనే ఉన్నాడు. ఎందుకంటే ఆ రెండో బండి అన్నయ్యది.

అన్నయ్య ఇటు వీపు పెట్టి కూర్చున్నాడు. పదేళ్ళు దాటింది వాళ్ళకి మాటల్లేక.

గొడవ మొదలైంది నాన్న పోయినప్పుడు. నాన్న బండి ఒక్కటే. ఆయన పోయేనాటికి దాని ఇంజిన్ బాగుచేతకని దింపి చిన్నవాడి ఇంటి వెనక గదిలో ఉంది. మిగతా బండి అన్నయ్య షెడ్డులో ఉంది. పంపకాల్లో ఇళ్ళకీ స్థలాలకీ రాని పేచీ ఈ బండి దగ్గర వచ్చింది. ఇంజిన్ తెచ్చి పెట్టమన్నాడు అన్నయ్య. బండి తెచ్చి ఇమ్మన్నాడు తమ్ముడు. మాటా మాటా పెరిగింది. "కారంటే ఆకారంరా, ఇంజిన్‌దేముంది, ఏదో ఒకటి పెట్టుకుంటా," అన్నాడు అన్నయ్య. "ప్రాణం నా దగ్గరుంటే ఆ డొల్ల నాకెందుకు," అన్నాడు తమ్ముడు. ఇద్దరూ అన్నంత పనీ చేశారు. ఫర్నిచర్‌కి పాలిష్ పట్టే వర్క్‌షాప్ నడిపే అన్నయ్య, నాన్న బండి బాడీని అద్దంలా చేసి, లోపల ఎక్కడిదో డెలివరీ వ్యాన్ ఇంజిన్ బిగించాడు. చిన్నవాడు నాన్న ఇంజిన్‌ని ఊడదీసి, ప్రతి మరనీ కడిగి, మళ్ళీ కూర్చి, పాత ఫొటోలు చూసుకుంటూ దాని చుట్టూ రేకుతో కొత్త బాడీ కట్టుకున్నాడు. మడ్‌గార్డుల వంపు కుదరక వాటికి ప్లాస్టర్ అచ్చులు పోశాడు, అచ్చం దవడలకి పోసినట్టే.

గళ్ళ టోపీ పెట్టుకున్న జడ్జి వచ్చాడు. చిన్నవాడి బండి తలుపు మీద వేలితో టకటకలాడించి, "రేకు కొత్తది," అన్నాడు. బానెట్ కిందకి వంగి, "ఓహో, ఇది మాత్రం అసలుది," అన్నాడు. తాడు దాటి అవతలికి వెళ్ళి తలుపు తట్టి, "ఇది అసలుది," అన్నాడు. బానెట్ ఎత్తి చూసి నవ్వు ఆపుకోలేకపోయాడు.

"ఈ రెండూ కలిపితే ఒక మంచి బండి, ఇంకో దిక్కుమాలిన బండి వస్తాయి. మీ ఇద్దరికీ ఒకరికొకరు పరిచయం ఉందా?"

"లేదు," అన్నారు అన్నదమ్ములు ఒక్క గొంతుతో.

చిన్నవాడి భార్యకి టీ పొలమారింది.

జడ్జి ఏ మార్కులేసినా చిన్నవాడికి పట్టింపు లేదు. అతని ప్రాణమంతా అమ్మ మీదుంది. చెల్లెలి దగ్గరుంటున్న అమ్మ పోయిన వారం ఇద్దరికీ విడివిడిగా ఫోన్ చేసి ఒకే మాట చెప్పింది. "మీ ఇద్దరి బండ్లూ వస్తున్నాయటగా. నేనూ వస్తా. చివర్లో మైదానం చుట్టూ తిప్పుతారటగా, అప్పుడు మీ నాన్న బండి ఏదో అందులో ఎక్కుతా." అంతే, ఫోన్ పెట్టేసింది. ఆ రోజు నుంచి చిన్నవాడికి తిండి సహించలేదు, కంటికి కునుకు లేదు. ఇన్నేళ్ళ తగువుకి తీర్పు చెప్పగల మనిషి ఒక్కతే, ఆవిడ తీర్పు కూర్చోవడంలో ఉంది. అమ్మ తన బండిలో కూర్చుంటే అది నాన్న బండి. అన్నయ్య బండిలో కూర్చుంటే తను ఇన్నేళ్ళూ చేసిందంతా వట్టి రేకు పని.

అందుకే ఆ ఐడ్లింగ్ గొడవ. అందుకే ఆ తిరుగుడు.

తిరుగుతూ తిరుగుతూ అతను ఒకటి గమనించాడు. అన్నయ్య బండి ముందు దీపాలు వెలుగుతున్నాయి. ఆ దీపాల లోపలి గిన్నెలకి అన్నయ్య వెండిలా మెరుగు పెట్టించాడు. జడ్జి చూడాలని వెలిగించాడు సరే, జడ్జి వెళ్ళిపోయాడు గదా, ఆర్పడే! ఇంజిన్ తిరక్కుండా దీపాలు అలా వెలిగితే బ్యాటరీ ఏం గావాలి? పాలిష్ పట్టేవాడికి మెరుపు కనిపిస్తుంది గాని మెరుపు ఎక్కణ్ణుంచి వస్తోందో కనిపించదు.

"అన్నయ్య బ్యాటరీ అయిపోతుంది," అన్నాడు భార్యతో.

"వెళ్ళి చెప్పండి."

"నేనెందుకు చెప్పాలి?"

"అయితే నాకెందుకు చెప్తున్నారు?"

అతను తాడు దాకా వెళ్ళాడు. మాట నాలుక చివరికొచ్చింది. అన్నయ్య తల తిప్పి ఇటు చూసి, చూడనట్టే మళ్ళీ అటు తిరిగాడు. ఆ చూడనట్టు చూడటంతో చిన్నవాడికి ఒళ్ళు మండింది. చావనీ అనుకుని వెనక్కొచ్చాడు. వచ్చాక కూడా ఆ దీపాల మీంచి కళ్ళు పక్కకి పోలేదు.

ఎండ ముదురుతుండగా చెల్లెలు అమ్మని తీసుకొచ్చి గేటు దగ్గర దింపి, సాయంత్రం వస్తానని వెళ్ళిపోయింది. అమ్మకి ఎనభై దగ్గర పడుతున్నాయి. చేతికర్ర కొనిస్తే కుక్కల్ని అదిలించడానికి తప్ప వాడదు. మోచేతికి సంచీ తగిలించుకుని, ఖరీదైన బండ్ల మధ్య నుంచి కూరల మార్కెట్లో నడిచినట్టు నడుచుకుంటూ, ఏ బండినీ కన్నెత్తి చూడకుండా నేరుగా వచ్చేసింది. ముందు తగిలింది చిన్నవాడి బండే.

"ఏరా చిన్నోడా, అలా పీక్కుపోయావేంట్రా? ఏమ్మా, వీడికి అన్నం పెట్టట్లేదా?"

"పెడితే కూర్చోవాలి గదా అత్తయ్యా తినడానికి," అంది కోడలు.

"నువ్వుండవే!" అని భార్యని కసిరి, చిన్నవాడు లోపలికి దూరి తాళం తిప్పాడు. ఒక్క తాకుడుకి ఇంజిన్ అందుకుంది. అమ్మ బానెట్ మీద అరచెయ్యి పెట్టింది. చాలాసేపు అలాగే ఉంచింది.

"మీ నాన్న బండి గొంతేరా ఇది," అంది.

చిన్నవాడికి కళ్ళు చెమర్చాయి. ఇక తలుపు తీసి, చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టడమే మిగిలింది. అంతలో అతని చెవిని ఏదో గీరింది. ఆ గొంతులో ఎక్కడో చిన్న టిక్కు. ఎవరికీ వినపడని టిక్కు. పొద్దున లేదు, ఇప్పుడుంది.

"ఒక్క నిమిషం అమ్మా. ఏదో శబ్దం వస్తోంది. ఇప్పుడే."

భార్య గట్టిగా దగ్గింది. అతను పట్టించుకోలేదు. బానెట్ లేచింది, తల లోపలికెళ్ళింది. ఒక మర బిగించాడు. టిక్కు పోలేదు. పక్క మర వదులు చేశాడు.

"చిన్నోడా, కాళ్ళు లాగుతున్నాయిరా."

"ఇదిగో అమ్మా, అయిపోయింది."

అయిపోయింది అనుకుంటే మళ్ళీ మొదలైంది. ఇంకో అర మలుపు తిప్పాడు. చివరికి టిక్కు ఆగింది. ఇంజిన్ పట్టులా తిరిగింది. గెలిచినవాడి ముఖంతో తలెత్తి, "ఇప్పుడు విను అమ్మా!" అన్నాడు.

అమ్మ అక్కడ లేదు. తాడు అవతల, అన్నయ్య బండి ముందు సీట్లో, సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చునుంది. ఆవిడ రాగానే అన్నయ్య లేచి తలుపు తీశాడు, అంతే.

"మీ కోసం చాలాసేపు నిలబడింది," అంది భార్య. ఆ గొంతులో ఎగతాళి లేదు. అదే ఎక్కువ బాధ పెట్టింది.

చిన్నవాడికి ఏడుపొచ్చింది. అమ్మ మీద కోపం రాలేదు. అన్నయ్య మీద కూడా రాలేదు, ఆశ్చర్యంగా. స్పానర్ పట్టుకున్న తన చెయ్యినే ఎక్కడైనా విసిరి కొట్టాలనిపించింది.

ఊరేగింపుకి ఈల వేశారు. బండ్లు ఒక్కొక్కటే గడ్డి మీంచి దారి మీదికి దిగాయి. "మీరెళ్ళండి, నేనొస్తే కుర్చీలు ఎవడైనా ఎత్తుకుపోతాడు," అని భార్య ఉండిపోయింది. అన్నయ్య బండి స్టార్టర్ నీరసంగా మూలిగి, మూలిగి, చిట్టచివరికి ఇంజిన్‌ని లేపింది. అది ముందు, దాని వెనకే చిన్నవాడిది. పక్కసీటు ఖాళీ. ముందు బండి వెనక అద్దంలోంచి అమ్మ తెల్లటి జుట్టుముడి కనిపిస్తోంది. నాన్న ఇంజిన్‌తో తను వెనక, నాన్న బండి సీట్లో అమ్మ ముందు. చిన్నవాడు క్లచ్ తొక్కి, వదిలి, మళ్ళీ తొక్కి, స్టీరింగ్ మీద వేళ్ళు వాయిస్తూ, దీన్నంతా ఎప్పుడు ముగిస్తారా అని చూస్తున్నాడు. గట్టు మీద జనం చేతులూపుతున్నారు. అతను ఎవరికీ చెయ్యి ఊపలేదు.

అవతలి మలుపు దగ్గర ఎవరిదో పొడుగు ముక్కు బండి తిరగలేక వరసంతా ఆగింది. అన్నయ్య బండీ ఆగింది. ముందువాళ్ళు కదిలాక కూడా అది కదల్లేదు. ఇంజిన్ ఆరిపోయింది. దీపాల వెలుగు ఎప్పుడో పచ్చబడి, ఇప్పుడు పూర్తిగా పోయింది. స్టార్టర్ టిక్కుమంది, టిక్కుమంది, ఇక ఊరుకుంది.

చిన్నవాడికి ముందు సంతోషమేసింది. దాచడమెందుకు, బాగా సంతోషమేసింది. అయిందా నీకు అనుకున్నాడు. అనుకున్న మరుక్షణం సిగ్గేసింది.

అంతలో ముందు బండి తలుపు తెరుచుకుంది. అమ్మ దిగింది. "అమ్మా, దిగకు! ఎవరో వస్తారులే, కూర్చో!" అని అన్నయ్య అరుస్తున్నాడు. ఆవిడ వినిపించుకోలేదు. చీర కుచ్చిళ్ళు ఎగదోపి, సంచీ మోచేతి పైకి లాక్కుని, బండి వెనక్కి వచ్చి, ఆ గుండ్రటి వీపు మీద రెండు అరచేతులూ ఆన్చింది.

ప్రదర్శనలో చిన్నవాడు గాని, పెద్దవాడు గాని ఏ ఒక్కరికీ చెప్పని సంగతి ఒకటుంది. నాన్న బండి తోస్తే తప్ప ఏనాడూ కదల్లేదు. బజారుకైనా, బడికైనా, ఆసుపత్రికైనా నాన్న స్టీరింగ్ దగ్గర, వెనక నుంచి తోస్తూ మధ్యలో అమ్మ, ఆవిడకి అటొకడు ఇటొకడు. చిన్నవాడు ఆ ఇంజిన్‌కి అన్ని జబ్బులూ నయం చేసి, ఆ జబ్బులుండేవనే మాటే మర్చిపోయాడు.

అమ్మ తోస్తోంది. బండి అంగుళం కదిలింది, వెనక్కొచ్చింది.

చిన్నవాడు ఎప్పుడు దిగాడో అతనికే తెలీదు. తన ఇంజిన్ ఆపాలన్న ధ్యాస కూడా లేదు. పరుగున వెళ్ళి అమ్మ ఎడమ పక్కన, తన పాత చోట, చేతులు ఆన్చాడు. రేకు వెచ్చగా ఉంది. నాన్న రేకు.

"నువ్వు తప్పుకో అమ్మా, నేను తోస్తా."

"నాకు చెప్పకు. తొయ్యి."

ఇద్దరూ తోశారు. కుడిపక్క చోటు ఖాళీగానే ఉంది, ఆ చోటు మనిషి ఇప్పుడు స్టీరింగ్ దగ్గరున్నాడు. బండి బద్ధకంగా కదిలింది. మలుపు దాటాక నేల కొంచెం వాలింది. చక్రాలకి ఊపొచ్చింది. అమ్మ రొప్పుతూ, "ఇప్పుడు!" అని కేకేసింది, సరిగ్గా ఒకప్పుడు నాన్నకి వేసినట్టు. అన్నయ్య క్లచ్ వదిలాడు. బండి ఎగిరిపడింది, దగ్గింది, ఇద్దరి ముఖాల మీదా పొగ వదిలింది, అందుకుంది. అందుకుని ఆగకుండా వెళ్ళిపోయింది.

వాళ్ళిద్దరూ పరుగెత్తలేదు. ఆగమని పిలవలేదు. తోసి లేపిన బండిని ఆపకూడదు, ఆపితే మళ్ళీ చస్తుంది. నాన్న ఎప్పుడూ ఆపేవాడు కాదు. వీధి చుట్టూ ఒక చుట్టు తిరిగి, తోసినవాళ్ళని ఎక్కించుకోవడానికి వచ్చేవాడు. వాళ్ళు ముగ్గురూ వదిలిన చోటే నిలబడేవాళ్ళు.

వెనక చిన్నవాడి బండి సన్నగా, హాయిగా పాడుతోంది. తలుపు తెరిచే ఉంది. పక్కసీటు ఖాళీ. వారం నుంచీ అతను కోరుకున్నది ఇప్పుడు పాతిక అడుగుల దూరంలో ఉంది.

"రా అమ్మా, నా బండి ఉందిగా. ఎక్కు, వాడి వెనకే వెళ్దాం."

"మనం ఇక్కడ లేకపోతే వాడు ఎక్కడని వెతుక్కుంటాడురా?" అంది అమ్మ, ముఖం మీది మసి కొంగుతో తుడుచుకుంటూ. "ఇక్కడే ఉంటామని వాడికి తెలుసు."

చిన్నవాడు తల దించుకున్నాడు. "పొద్దున్నే చూశానమ్మా, దీపాలు ఆర్పలేదని. బ్యాటరీ పోతుందని తెలుసు. చెప్పలేదు."

"చెప్పడానికి నోరింకా ఉందిగా. వచ్చాక వాడికే చెప్పు."

"వస్తాడంటావా?"

అతను చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు, తీశాడు, మడ్‌గార్డుల వైపు చూశాడు, దారి వైపు చూశాడు, అడుగు ముందుకేశాడు. అమ్మ అతని మణికట్టు పట్టుకుంది.

"నిలబడరా కాసేపు."

నిలబడ్డాడు. వెనక ఆగిపోయిన బండ్లన్నీ హారన్లు మోగిస్తున్నాయి. ఒక బండి పోయింది, ఇంకోటి పక్కనుంచి గడ్డి మీదుగా పోయింది. ఆకుపచ్చది మైదానం అవతలి వైపు కనిపించింది, చెట్ల వెనక కనపడకుండా పోయింది. రాకపోతే? నేరుగా గేటు దాటించి ఇంటికి తోలుకుపోతే? పదేళ్ళ పంతం ఒక తోపుకి కరుగుతుందా? ఈసారి అతని భయం అమ్మ ఎవరి బండి ఎక్కుతుందని కాదు. అన్నయ్య రాడేమోనని.

వచ్చింది. వరస తప్పించి, ఈల వేస్తున్నవాళ్ళని లెక్కచెయ్యకుండా, ఇంజిన్ గొంతు చించుకుంటూ, దగ్గరికొచ్చేసరికి నడక వేగానికి తగ్గింది. అన్నయ్య ఇటు వంగి తలుపు తోసి తెరిచాడు. ముందు సీటు వీపు మడిచేశాడు. ఆ బండికి రెండే తలుపులు, ముందు సీటు మడిస్తే గాని వెనక ఎవరూ దూరలేరు. వెనకవాళ్ళు ముందు ఎక్కాలి, ఆ తర్వాతే అమ్మ.

"దూరరా చిన్నోడా!" అని అరిచాడు అన్నయ్య. "ముందు నువ్వు! ఆగితే చస్తుంది!"

చిన్నవాడు దూరాడు. తల వెళ్ళింది, భుజాలు వెళ్ళాయి, పొట్ట ఇరుక్కుంది. అమ్మ వెనక నుంచి రెండు చేతులతో ఒక్క తోపు తోసింది. అతను వెనక సీటు మీద బోర్లా పడ్డాడు. సీటు చప్పుడుతో వెనక్కి వాలింది, అమ్మ ఎక్కింది, తలుపు పడింది. ముందు నుంచి అన్నయ్య నవ్వో, దగ్గో తెలియని శబ్దం వినిపించింది.

బయట ఈల మెడలో వేసుకున్న ఆయన, దారికి అడ్డంగా తలుపు తెరుచుకుని ఒంటరిగా పాడుతున్న బుల్లి కారు చుట్టూ తిరుగుతూ గగ్గోలు పెడుతున్నాడు.

"ఈ బండి ఎవరిదయ్యా? ఎవరిదీ బండి?"

చిన్నవాడు బోర్లా పడినవాడు పడినట్టే కిటికీలోంచి తల బయటపెట్టి అరిచాడు.

"ఎవరిదైతే ఏంటండీ, పక్కకి తొయ్యండి!"